మూడో బావి దగ్గర గొడుగోడు

కందిపప్పు సంచిలో ఏదో బరువైనది తెచ్చి కౌంటరు మీద పెట్టింది ఆమె. యాభై దాటిన మనిషి. రైలు దిగి ఎండలో నడిచి వచ్చినట్టుంది, కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

“ఏమున్నదమ్మా అండ్ల? పప్పయితే మా ఇంటికి పంపు. గీడ కంప్యూటర్లే రిపేర్ చేస్తం,” అన్నాడు రాధాకిషన్. వికారాబాద్ స్టేషన్ రోడ్డులోని ఆ దుకాణం ఆయనదే. వచ్చిన వాళ్ళతో ఒక హాస్యమాడందే ఆయనకు బేరం మొదలు కాదు.

“పప్పు గాదు. తాండూరుసంది తెచ్చిన. మా ఆయన ఆట డబ్బా,” అంది ఆమె, నవ్వకుండా.

వెనక బల్ల దగ్గర ఒక లాప్‌టాప్ మూత విప్పి దుమ్ము దులుపుతున్న దేవిక తలెత్తింది. సంచిలోంచి బయటికి వచ్చింది పాత టీవీ వీడియో గేమ్. ఒకప్పుడు తెల్లగా ఉండేది కాబోలు, ఇప్పుడు పసుపు రంగుకు తిరిగింది. దానికి రెండు రిమోట్లు, బొమ్మ ఊడిపోయిన ఒక క్యాసెట్టు. రెండో రిమోట్ వైరు కొన్ననాడు చుట్టిన చుట్టు విప్పకుండా అలాగే ఉంది.

“తాండూరు నుంచి గింత దూరం తెచ్చినవా? ఆడ దుకాన్లు లేవా?” అన్నాడు రాధాకిషన్.

“ఎందుకు లెవ్వు? ముగ్గురికి చూపించిన. ఒగడు నవ్విండు. ఒగడు కొత్తది కొనుక్కోమన్నడు. ఇంకొగడు, నీ వయసేంది గీ ఆటేంది పెద్దమ్మా అన్నడు.”

“మరి ఆడేదెవరు?”

“ఎవ్వరూ ఆడరు. ఆడెటాయన పోయిండు.”

రాధాకిషన్ ఇక హాస్యమాడలేదు. “దేవికా, జర చూడు,” అని గల్లా పెట్టె వైపు తిరిగాడు.

ఆమె పేరు కనకమ్మ. స్టూలు మీద కూర్చుని, దేవిక మరలు విప్పుతుంటే చెబుతూ పోయింది. భర్త జనార్దన్‌కు తాండూరులో కిరాణా కొట్టు ఉండేది. ముందు గదిలో కొట్టు, వెనక ఇల్లు. మధ్యాహ్నం భోంచేసి షట్టరు సగం దించి, రెండు నుంచి నాలుగు దాకా నడిమి గదిలో కూర్చుని ఈ ఆట ఆడేవాడు. పిల్లల్లేరు. తన కోసమే కొనుక్కున్నాడు. క్యాసెట్టులో ఎన్నో ఆటలున్నా ఒక్కటే ఆడేవాడు. గొడుగు పట్టుకున్న చిన్న మనిషి బావుల మీదుగా దుంకుతూ పోతుంటాడు. ఆయన వాడిని గొడుగోడు అని పిలిచేవాడు.

“పద్దెనిమిదేండ్లు తిట్టిన బిడ్డా గా చప్పుడును. పక్కింటోళ్ళు అడిగితె, మా ఆడిబిడ్డ కొడుకొచ్చిండు, వాడు ఆడుతున్నడని చెప్పేదాన్ని. పద్దెనిమిదేండ్లసంది ఆ పోరడు ఎదుగుతనే లేడేందని వాళ్ళు నవ్వేటోళ్ళు.” ఆమె కూడా కొంచెం నవ్వి, ఆగింది. “గిప్పుడు రెండు గొట్టంగనే ఇల్లు మీదికొస్తది. వంటింట్ల నేనున్ననో లేనో నాకే తెల్వది. ఒకనాడు ఉండబట్టక నేనే పెట్టి చూసిన. దీని వైరు దొరకలె, సెటప్ బాక్సుది సరిపోయిందని పెట్టిన. పొగొచ్చింది.”

దేవిక మూత ఎత్తింది. లోపల బోర్డు మధ్యలో అరచేతి మేర మాడిపోయి ఉంది.

“నేనే కాల్చిన,” అంది కనకమ్మ.

దేవిక క్యాసెట్టు అందుకుని, దాని మొన తుడిచి చూసింది. ఏమన్నా అబద్ధమే అవుతుంది.

“కొడంగల్‌ల మా తమ్ముడున్నడు. ఉగాది దాటినంక ఇల్లు తాళమేసి రమ్మంటున్నడు. నాకు పోవాల్నని లేదు. గని గా ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు. గా చప్పుడొకటి వస్తే ఉంటనేమో అనిపిస్తది. పిచ్చిదనుకున్నా మంచిదే.”

పిచ్చిదని దేవిక అనుకోలేదు. పెద్దేముల్ దగ్గర పల్లెలో, రెండు వందల గొర్రెల మధ్య పెరిగిన పిల్ల ఆమె. మందలోని గంట చప్పుడు లేని రాత్రి ఎరగదు. వికారాబాద్‌లో గది తీసుకున్న మొదటి ఏడాది, ఎందుకు నిద్ర పట్టడం లేదో తెలియక చలికాలంలో కూడా ఫ్యాను వేసుకుని పడుకునేది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఎవరూ అడగలేదు కూడా.

“డబ్బా బాగుపడదమ్మా,” అంది. “క్యాసెట్టు మంచిగనే ఉన్నది. అండ్లున్న ఆటను కంప్యూటర్ల ఎక్కించొచ్చు. ఎమ్యులేటర్ అని ఉంటది. కంప్యూటర్‌ను గీ డబ్బా లెక్క నటింపజేస్తది.”

“నటించుడంటె? పగటి వేషమా?”

“అట్లనే అనుకో.”

“వేషమోడైనా మంచిదే గని, గొంతు మాత్రం గదే ఉండాలె,” అంది కనకమ్మ. “బొమ్మ ఎట్లున్నా నాకు ఫికర్ లేదు. నేనేనాడూ టీవీ దిక్కు చూడలె. వంటింట్లనే ఉంటి.”

*

క్యాసెట్టులోని ఆటను బయటికి తీసే చిన్న బోర్డు ఆన్‌లైన్‌లో తెప్పించడానికి వారం పట్టింది. తీయడం ఒక సాయంత్రం పని. ఎమ్యులేటర్‌ను ఎంచుకోవడమే తెగని పని అయింది. ఒకటా రెండా, పది పదిహేను ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో గుంపు. నిజమైన డబ్బాకు అన్నిటికంటే దగ్గరగా ఉండేది ఇదంటే ఇదని ఇంటర్నెట్‌లో కొట్టుకుంటున్నారు. దేవిక ఓపికగా అన్నీ చదివింది. అన్నం వండుకుంటూ చదివింది, తింటూ చదివింది. ఒంటరిగా తినే మనిషికి చదువుకోవడానికి ఏదో ఒకటి ఉండటం మంచిదే. చివరికి మూడు ఎంచుకుని, దుకాణంలోని పాత లాప్‌టాప్‌లో ఎక్కించుకుని, ఆదివారం ప్యాసింజర్ ఎక్కి తాండూరు పోయింది.

“ఆదివారం నాడు కూడా పోతవా? సినిమా చూసుకోరాదూ, నీ తోటి పిల్లలతోని?” అన్నాడు రాధాకిషన్ ముందు రోజు. తన తోటి పిల్లలెవరో దేవికకు వెంటనే తట్టలేదు. “సినిమా అక్కడ్నే ఉంది సేట్,” అని ఊరుకుంది.

కనకమ్మ ఇల్లు నాపరాళ్ళ పాలిష్ మిషన్ల వీధికి ఇవతల ఉంది. సన్నటి బూడిద రంగు దుమ్ము గుమ్మం దాకా వచ్చి ఆగింది. రోజుకు రెండుసార్లు తుడుస్తుందట. మూసిన కొట్టులో ఖాళీ అరలు. నడిమి గదిలో పెద్ద పొట్ట టీవీ, దాని ముందు చాప. చాప మధ్యలో ఒక మనిషి కూర్చున్న మేర నున్నగా అరిగి ఉంది. దేవిక ఆ చోటు వదిలి పక్కన కూర్చుని, లాప్‌టాప్‌ను ఒక చిన్న కన్వర్టరుతో టీవీకి కలిపింది.

కనకమ్మ వంటింట్లోకి పోయి, గోడ అవతల నిలబడింది. “ఆఁ, పెట్టు.”

మొదటిది ఎక్కువమంది మెచ్చుకున్నది. గొడుగోడు తెర మీదికి వచ్చాడు, పాట మొదలైంది. శుభ్రమైన పాట.

“ఇది గాదు,” అంది గోడ అవతలి గొంతు.

“ఆట అదే అమ్మా.”

“ఆట అదే. పాట గాదు.”

రెండోది పాత కంప్యూటర్ల మీద కూడా తేలిగ్గా నడిచేది.

“వీనికేమి తొందరొచ్చింది? రైలు పోతున్నదా? మా గొడుగోడు గింత ఉరుకడు.”

మూడోది చూడటానికి దిక్కుమాలినట్టు ఉంటుంది. బూడిద రంగు పెట్టె, చిన్న అక్షరాలు, ఎప్పుడో వదిలేసిన ఇల్లులా. అది కూడా మొదటిదానిలాగే పాడింది.

కనకమ్మ గడపలోకి వచ్చి నిలబడింది. “ఎట్ల చెప్పాలె బిడ్డా. ఇది మంచి గొంతు. రేడియోల పాడే వాళ్ళ గొంతు. మా ఆయన డబ్బా ముక్కుతోని పాడుతుండె. జలుబు చేసిన మనిషి లెక్క.”

“స్పీకరు ఖరాబై ఉండెనా?”

“గిదే టీవీ. గిదే స్పీకరు.”

సాయంత్రం దాకా శబ్దాన్ని పెంచారు, తగ్గించారు, మందం చేశారు, సన్నం చేశారు. ప్రతిసారీ గోడ అవతలినుంచి అదే మాట వచ్చింది. చివరికి ఆ మాట కూడా రావడం మానేసింది. దేవిక లోపలికి తొంగి చూస్తే కనకమ్మ పొయ్యి గట్టు పట్టుకుని కిటికీ వైపు చూస్తోంది.

“పోనీలె,” అంది. “నువ్వు చెయ్యగలిగింది చేసినవు. నాకే ఇంక యాదికున్నదో లేదో. తమ్మునికి ఫోన్ చేసి చెప్పాలె, వస్తనని.”

“ఇంకొక్క ఆదివారం చూద్దామమ్మా,” అంది దేవిక. ఎందుకన్నదో ఆమెకే తెలియదు. చేతిలో ఇంకే ఉపాయమూ లేదు.

తిరుగు రైల్లో ధారూరు దాటాక బోగీ దాదాపు ఖాళీ అయింది. కనకమ్మ కట్టిచ్చిన పప్పు గారెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాలుగు ఉన్నాయి. ఒక్కరికి నాలుగు ఎక్కువ. కానీ ఆ ఇంట్లో ఇద్దరి లెక్క ఇంకా పోలేదు.

*

బుధవారం పొద్దున నాయిన ఫోన్ చేశాడు. తండ్రి శంకరప్ప, తల్లి మైసమ్మ మందను తోలుకుని నెల క్రితమే బషీరాబాద్ దిక్కు పోయారు. కంది కోసిన చేలల్లో రోజుకొక రైతు పొలంలో మంద పెడతారు. గొర్రెల ఎరువు చేనుకు, చేని గింజలు వీళ్ళకు. ఆ దిక్కు సిగ్నల్ సరిగా ఉండదు. మిట్ట ఎక్కినప్పుడే మాట వస్తుంది.

“తిన్నవా బిడ్డా?”

“తిన్న. నువ్వు?”

“తినాలె. మీ అవ్వ రొట్టె చేస్తున్నది. గీ రైతు కన్నడమోడు, వాని మాట నాకు రాదు, నా మాట వానికి రాదు. అయినా పొద్దుగాలసంది మాట్లాడుతనే ఉన్నడు.”

మాటల వెనక గంట వినబడుతోంది. ముందు నడిచే పొట్టేలు మెడలోది. దాని చప్పుడు గణగణ కాదు. టక్కు టక్కుమని, నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడినట్టు ఉంటుంది. ఫోను పెట్టేశాక కూడా దేవిక ఆ చప్పుడు వింటూనే నిలబడింది.

ఆమె ఏడో తరగతి చదివేటప్పటి సంగతి. పాత గంట వాగులో పడిపోయింది. శంకరప్ప కొడంగల్ సంతకు పోయి మంచి ఇత్తడి గంట కొనుక్కొచ్చాడు. దాని మోత ఊరవతలికి వినబడేది. తెచ్చి పొట్టేలుకు కట్టి అదిలించాడు. పొట్టేలు నడిచింది, మంద నడవలేదు. రెండు వందల గొర్రెలు తలలు వంచుకుని ఉన్నచోటే నిలబడ్డాయి. రెండు రోజులు చూశాడు. మూడోనాడు గంట విప్పి బండ మీద పెట్టి, గొడ్డలి వెనక పక్కతో రెండు దెబ్బలు వేశాడు. చెవికి పెట్టుకుని విని, ఇంకొకటి వేశాడు. కొత్త గంటకు సొట్ట పడిందని దేవిక ఏడ్చింది. “మంచి గంట మనకెందుకే పిచ్చిదాన,” అన్నాడు శంకరప్ప, “మందకు తెలిసిన గంట గావాలె.” మళ్ళీ కట్టాడు. టక్కుమంది. తలలు లేచాయి.

దేవిక దుకాణానికి పోయి, రాధాకిషన్ రాకముందే కాలిన డబ్బాను మళ్ళీ విప్పింది. మొన్న కాలిన చోటే చూసింది, మిగతాది చూడలేదు. మధ్యలో చిప్పు మీద పేరు లేదు, అంకె లేదు. నల్లటి తారు బొట్టు ఒకటి, అంతే. మూత మీద ఉన్న కంపెనీ పేరుకూ లోపలి బోర్డుకూ సంబంధమే లేదు. ఎవరో ఎక్కడో చేసిన అసలు డబ్బాకు ఇది నకలు. బహుశా నకలుకు నకలు. చేసినవాళ్ళు ఎక్కడో తప్పు చేసి ఉంటారు. ఆ తప్పు పద్దెనిమిదేళ్ళు జనార్దన్ ఇంట్లో పాడింది. అసలు గొంతు ఆ ఇంటికి ఎప్పుడూ రానే లేదు. తాను మాత్రం అసలుకు ఏది దగ్గరో వెతుకుతూ వారం పాడు చేసింది.

ఇక వెతకడం సులువైంది. ఆ రకం నకలు డబ్బాల్లో కొన్నిటికి రెండు రకాల స్వరాలు ఒకదాని చోట ఒకటి తారుమారుగా పలికేవని, అందుకే పాట ముక్కుతో పాడినట్టు ఉండేదని, ఆట నడక కూడా వేరని ఎవరో ఓపికమంతుడు రాసి పెట్టాడు. ఎక్కువమంది మెచ్చుకున్న ఎమ్యులేటర్‌ను తీసి పక్కన పెట్టింది. దిక్కుమాలినట్టున్న ఆ మూడోదాన్ని తెరిచింది. దాని లోపల, ఎవరూ చూడని ఒక పేజీలో, నకలు డబ్బాలు చేసే తప్పులన్నిటికీ చిన్న చిన్న గళ్ళు ఉన్నాయి. స్వరాల తారుమారు గడిలో టిక్కు పెట్టింది. నడకను నకలు డబ్బా నడకకు మార్చింది.

గొడుగోడు జలుబు చేసిన గొంతుతో పాడాడు.

“ఏంది గా పీపీ చప్పుడు?” అన్నాడు అప్పుడే లోపలికి వస్తున్న రాధాకిషన్. “ఖరాబు చేసినవా?”

“ఆఁ సేట్,” అంది దేవిక. చాలా రోజుల తరవాత ఆమె ముఖంలో నవ్వు చూసి ఆయన కూడా నవ్వుతూ గల్లా పెట్టె వైపు పోయాడు.

*

ఆదివారం రెండు గంటలకు దేవిక పాత రిమోట్‌ను ఒక అడాప్టరుతో లాప్‌టాప్‌కు తగిలించి, చాప మీద కూర్చుని, ఏమీ చెప్పకుండా ఆట పెట్టింది. వంటింట్లో కనకమ్మ గిన్నెలు కడుగుతోంది. పాట మొదలైంది. గిన్నెల చప్పుడు ఆగింది. నల్లా నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి. చాలాసేపటికి నల్లా కట్టిన చప్పుడైంది.

దేవిక వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి బావి దుంకింది. రెండోది దుంకింది. ఈ నాలుగు రోజులు సరిచూసుకుంటూ ఆడీ ఆడీ ఆమెకు చెయ్యి తిరిగింది. మూడో బావి మీద కాకి వస్తుంది. అది పోయేదాకా ఆగి దుంకింది. నాలుగు, ఐదు.

“గట్ల గాదు,” అంది గోడ అవతలినుంచి కనకమ్మ. గొంతు వేరేగా ఉంది.

దేవిక ఆట ఆపింది. “పాట గదేనా అమ్మా?”

“పాట గదే. గని ఆయన గింత దూరం పోడు. గొడుగోడు పడ్డప్పుడు పాట కిందికి దిగుతది సూడు, పైకెళ్ళి కింది దాకా, గది రావాలె. జరసేపయినంక రావాలె. నువ్వు మంచిగ ఆడుతున్నవు.”

దేవిక మళ్ళీ మొదలుపెట్టింది. ఒకటి. రెండు. మూడో బావి దగ్గర కాకి వచ్చింది. ఆగలేదు. దుంకింది. గొడుగోడు కాకికి తగిలి బావిలో పడ్డాడు. పాట మెట్టు మెట్టుగా కిందికి దిగి ఆగింది.

వంటింట్లో ఎవరో ఊపిరి వదిలారు.

“ఆడ్నే,” అంది కనకమ్మ. “సరిగ్గ ఆడ్నే.”

దేవిక మళ్ళీ ఆడింది, మళ్ళీ అక్కడే పడింది. పద్దెనిమిదేళ్ళు ఒక మనిషి దాటలేని బావి అది. లేక దాటాలని అనుకోలేదో, ఎవరికి తెలుసు. వంటింట్లో గిన్నెలు కదిలాయి. డబ్బా మూత తీసిన చప్పుడు. దంచిన అల్లం వాసన. పొయ్యి మీద నీళ్ళు కాగుతుండగా, ఏ తడబాటూ లేకుండా, రోజూ పిలిచే గొంతుతో కనకమ్మ పిలిచింది:

“ఏమయ్యా, చాయ్ పొయ్యాల్నా?”

  ఆ పిలుపు దేవికను కాదు. చేతుల్లో రిమోట్ పట్టుకుని గొడుగోణ్ణి నడిపించింది. ఒకటి. రెండు. మూడో బావిలో వేసింది. పాట కిందికి దిగింది. అంతకు మించి బదులు చెప్పే దారి ఆమెకు తోచలేదు.

కొంతసేపటికి కనకమ్మ రెండు గ్లాసులతో వచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ముఖం గట్టిగానే ఉంది. చాప మీద అరిగిన చోటు చూసి, ఒక్క క్షణం ఆగి, అక్కడే కూర్చుంది.

“నాకు చూపియ్యి. నువ్వు రోజు వస్తవా ఏంది ఆడనీకి?”

దేవిక చూపించింది. ఇది దుంకడానికి, ఇది నడవడానికి. కనకమ్మ రిమోట్‌ను చపాతీ కర్రలా పట్టుకుని నొక్కింది. గొడుగోడు మొదటి బావిలోనే పడ్డాడు. మళ్ళీ పడ్డాడు. తొమ్మిదోసారి కూడా మొదటి బావిలోనే పడ్డాడు.

“వామ్మో, గింత కష్టమా ఇది! ఉత్తగ తిట్టిన గా మనిషిని. మూడో బావి దాకా పోయిండంటె మామూలోడు గాదు.”

ఐదు గంటల దాకా కూర్చున్నారు. ఒక్కసారి రెండో బావి దాటింది కనకమ్మ. అప్పుడు ఆమె వేసిన కేకకు పక్కింటావిడ గోడ మీంచి తొంగి చూసి, “ఎవరొచ్చిండ్రు వదినె, ఆడిబిడ్డ కొడుకా?” అంది.

“ఎవ్వరూ రాలె. నేనే ఆడుతున్న,” అంది కనకమ్మ.

లాప్‌టాప్‌ను టీవీ పక్కనే వదిలి లేచేటప్పుడు దేవిక కొడంగల్ సంగతి అడగలేదు. కనకమ్మే అంది, “తమ్మునికి చెప్త, వేసవి కాలం చూద్దామని. ముందుగాల గీ మూడో బావి సంగతి తేలాలె.” పప్పు గారెలు కట్టిచ్చింది. ఈసారి రెండే కట్టింది. దేవిక అది గమనించింది. సంతోషపడాల్సిన సంగతే.

“ఏమన్న ఖరాబైతె ఫోన్ చేస్త,” అంది కనకమ్మ గుమ్మం దగ్గర.

“చెయ్యమ్మా,” అంది దేవిక. ఖరాబు కాదని ఆమెకు తెలుసు. మంచిగానే పెట్టింది. వచ్చే ఆదివారం తాండూరులో తనకు పని లేదు.

రైలు దిగి గదికి చేరేసరికి పొద్దు ఇంకా పూర్తిగా పోలేదు. తాళం తీసింది. గది పొద్దున వదిలినట్టే ఉంది. ఫ్యాను మీట మీద చెయ్యి పెట్టి, తీసేసి, నాయినకు ఫోన్ చేసింది. నాలుగోసారికి కలిసింది.

“ఏంది బిడ్డా, గీ యాల్లప్పుడు?”

“నాయినా, ఏం మాట్లాడకు. ఫోను జర మంద దిక్కు పెట్టు.”

“ఎందుకే? పానం మంచిగ లేదా?”

“మంచిగనే ఉన్నది. ఊకెనే.”

 ఫోను ఏ రాతి మీదో పెట్టినట్టు గరగరమంది. తరవాత గాలి, ఎక్కడో తల్లి ఎవరినో అదిలించడం, ఒక గొర్రెపిల్ల అరుపు. వాటన్నిటి అవతల, సొట్ట గంట టక్కు టక్కుమని నడుస్తోంది.

దేవిక ఫోను కిటికీ అరుగు మీద ఆనించి పెట్టి, గిన్నెలో ఒక్కరికి సరిపడా బియ్యం పోసుకుని కడగసాగింది.